ఇంటర్ చదివే అబ్బాయికి ఏడీహెచ్‌డీ అన్నారు. మందు మొదలుపెట్టాలా? హాస్టల్లో వేయాలా?

తెనాలి అమ్మ

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా చిన్నోడికి పదహారు నిండాయి. ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ, ఊళ్ళోనే డే స్కాలర్. పోయిన నెల గుంటూరులో ఒక సైకియాట్రిస్టుకి చూపిస్తే ఏడీహెచ్‌డీ అన్నారు, అంటే ధ్యాస, కుదురు నిలవని సమస్యట. అందులోనూ 'ఇన్‌అటెన్టివ్' రకమట. అంటే గెంతడం, గోల చేయడం ఉండవు, ధ్యాస నిలవదు అంతే. మెథైల్‌ఫెనిడేట్ అనే మందు రాశారు. చీటీ బీరువాలో పెట్టాను, ఇంకా కొనలేదు.

వాడి సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది. మొన్న లెక్కల పరీక్షలో ప్రశ్నపత్రం వెనక్కి తిప్పలేదు. అటువైపు రెండు పెద్ద ప్రశ్నలున్నాయని ఇంటికొచ్చి పేపరు నా చేతికిచ్చినప్పుడు చూసుకున్నాడు. రెండూ వాడికి వచ్చినవే. రాసినవాటిలో కూడా మూడో లైను దాకా మైనస్, నాలుగో లైన్లో అది ప్లస్ అయిపోయి ఉంటుంది. ఫిజిక్స్ రికార్డు బొమ్మలు వేసి ఉంది, రీడింగులు లేవు. శనివారం టిఫిన్ బాక్సు సోమవారం బ్యాగు అడుగున దొరుకుతుంది, అందులో పెరుగన్నం. ట్యాంకు నిండిందేమో చూసి రారా అని మేడ మీదకి పంపిస్తే పావురాలను చూస్తూ అక్కడే నిలబడతాడు. కింద గోడ వెంట నీళ్ళు కారుతుంటే పక్కింటివాళ్ళు పిలిచి చెప్పాలి.

అదే మిక్సీ పాడైతే! స్క్రూలన్నీ విప్పి న్యూస్ పేపర్ మీద వరసగా పేర్చుకుని, కార్బన్ బ్రష్షులు మార్చి, మళ్ళీ బిగించేదాకా లేవడు. అన్నానికి పిలిచినా వినపడదు. మా వారు పట్టుకున్నది ఈ పాయింటే. "ఇష్టమైనదైతే మూడు గంటలు కూర్చుంటున్నాడు కదా, రోగమైతే అప్పుడెక్కడికి పోయింది? ఇది బద్ధకం" అంటారు. నిజం చెప్పాలంటే నాకూ దానికి జవాబు తెలియదు.

డాక్టరు గారు పాత ప్రోగ్రెస్ కార్డులు తెమ్మన్నారు. పన్నెండేళ్ళ లోపే ఈ లక్షణాలు కనపడి ఉండాలట, ఒక్క ఇంట్లోనే కాక బడిలో కూడా ఉండాలట. మూడో తరగతి నుంచీ ప్రతి కార్డులోనూ ఒకే మాట: తెలివైనవాడు, శ్రద్ధ తక్కువ. టీచర్లు మారారు గానీ ఆ మాట మారలేదు.

ఇప్పుడు ఇంట్లో రెండు గొడవలు. మా అత్తగారు "పసివాడికి మత్తుమందు పోస్తావా, రేపు అది లేకుండా ఉండగలడా" అని కూర్చున్నారు. మా వారేమో విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో సెకండియర్‌కి సీటు మాట్లాడి వచ్చారు. "అక్కడ వేస్తే దెబ్బకి దారిలో పడతాడు" అని. ఈ మందు వాడినవాళ్ళు, హాస్టల్లో ఇలాంటి పిల్లల్ని చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. గూగుల్ చూసి చెప్పేవాళ్ళు వద్దు, అది నేనే చూసి టెన్షన్ పడుతున్నాను.

కూకట్‌పల్లి నాన్న

అమ్మా, మా అమ్మాయికి పదిహేడు. పద్నాలుగో ఏట తేలింది, అప్పటినుంచీ మీరు చెప్పిన మందే వాడుతోంది. ఆడపిల్ల, నెమ్మదస్తురాలు, కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. ఎవరికీ ఇబ్బంది లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అల్లరి చేసే మగపిల్లాడైతే రెండో తరగతిలోనే కబురొచ్చేది.

ముందు మందు కొనే సంగతి, ఎందుకంటే ఇది మీకు ఎవరూ చెప్పరు. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు. దానికి విడిగా లైసెన్సు ఉన్న షాపులోనే దొరుకుతుంది. చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపువాడు ఉంచేసుకుంటాడు. మన వీధి చివర మెడికల్ షాపులో అడిగితే లేదంటాడు, కొందరు మన వంక అదోలా చూస్తారు కూడా. కంగారు పడకండి. ఎక్కడ దొరుకుతుందో డాక్టరునే అడగండి. అయిపోవడానికి వారం ముందే తెచ్చుకోండి, పండగ సెలవుల్లో మరీ ముఖ్యం.

అలవాటు పడటం గురించి. డాక్టరు చెప్పిన మోతాదులో నోటి ద్వారా వేసుకుంటే, పెద్దయ్యాక వ్యసనాల పాలయ్యే ప్రమాదం దీనివల్ల పెరిగినట్టు పరిశోధనల్లో కనపడలేదని మాకు చెప్పారు. మా అమ్మాయికి ఆదివారాలు, సెలవులు మానేసుకోవడానికి కూడా డాక్టరు ఒప్పుకున్నారు. ఆ రోజుల్లో దానికోసం వెతుక్కున్నది లేదు, మామూలుగా ఎప్పటిలా చెప్పులు వెతుక్కుంటుంది. అందరికీ ఇలా ఆపమని చెప్పరు, మీ అంతట మీరు ఆపకండి. అత్తగారికి ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి, ఇది మత్తు ఇచ్చేది కాదు. అయితే మీ వాడికి కూడా ఒకటి గట్టిగా చెప్పండి. పరీక్షల ముందు ఫ్రెండ్స్ "ఒకటివ్వరా" అని అడుగుతారు. ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం కింద ఉన్న మందు ఇది, పక్కవాడికి ఇవ్వడం నేరం. వాడి గుండె ఎలా ఉందో మనకి తెలియదు కూడా.

మొదలుపెట్టే ముందు బీపీ, పల్స్, ఎత్తు, బరువు చూశారా? మీ ఇళ్ళల్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళు, ఉన్నట్టుండి పోయినవాళ్ళు ఉంటే అడక్కపోయినా చెప్పండి. మాకు ఎదురైన ఇబ్బంది ఆకలి. మధ్యాహ్నం బాక్సు సగం అలాగే తిరిగొచ్చేది, మా ఆవిడ ఏడ్చినంత పని చేసింది. తర్వాత లెక్క మార్చాం. మందుకి ముందు కడుపు నిండా టిఫిన్, గుడ్డు కూడా. మళ్ళీ రాత్రి ఎనిమిదికి మందు పని తగ్గాక పిల్లకి రాక్షసాకలి, అప్పుడు పెద్ద భోజనం. నెలకోసారి బరువు రాస్తాం. ఆలస్యంగా వేసుకున్న రోజు రాత్రి నిద్ర పట్టదు, అందుకే పొద్దున తొమ్మిది దాటితే ఆ రోజుకి వదిలేయమన్నారు మా డాక్టరు. సాయంత్రం ఆరు ఆ ప్రాంతంలో కాస్త చిరాగ్గా ఉంటుంది. ఆ గంటలో మేము ఏ పంచాయితీ పెట్టం.

పని చేస్తే ఎలా ఉంటుందని మీరు అడగలేదు గానీ చెప్తాను. మొదటి వారంలో స్కూలు నుంచి వచ్చి "నాన్నా, క్లాసులో ఫ్యాన్ చప్పుడు వేరేగా, మేడమ్ మాట వేరేగా వినపడ్డాయి" అంది. పద్నాలుగేళ్ళుగా ఆ రెండూ ఒకే ధ్వనిలో వింటోందని మాకేం తెలుసు.

కానీ మందొక్కటీ సరిపోదండీ. ఒకరోజు సాయంత్రం మూడు గంటలు కదలకుండా కూర్చుంది, మేం మురిసిపోయాం. వెళ్ళి చూస్తే కెమిస్ట్రీ రికార్డు పేజీలన్నిటికీ రంగుల బోర్డర్లు వేస్తోంది. మర్నాడు సోషల్ పరీక్ష.

విశ్రాంత ఉద్యోగి, ఏలూరు

మా రోజుల్లో ఈ పేర్లు లేవు. చింతబరికె ఉండేది, ఎక్కాలు వచ్చేవి. ముందు ఆ ఫోను లాగేయండి, తెల్లవారుజామున లేపి ప్రాణాయామం చేయించండి, సరస్వతీ లేహ్యం పెట్టండి. పదహారేళ్ళ కుర్రాడికి సైకియాట్రిస్టు ఏమిటమ్మా, రేపు పెళ్ళి సంబంధాలకి తెలిస్తే?

తెనాలి అమ్మ

బాబాయ్ గారూ, మూడో తరగతిలో వాడి చేతిలో ఫోను లేదండీ. బరికె కూడా అయింది, ఆరో తరగతిలో ఒక మాస్టారు వాతలు తేలేలా కొట్టారు. ఎక్కాలు అప్పుడూ వచ్చు, ఇప్పుడూ వచ్చు. పేపరు వెనక్కి తిప్పడం రాదు. పెళ్ళి సంబంధాల మాట ఆ వయసొచ్చాక చూసుకుందాం.

సగం చదివిన పుస్తకం

నేను కాకినాడలో బీటెక్ థర్డ్ ఇయర్. నాకు ఇంజనీరింగ్‌లో చేరాక తెలిసింది. ఏలూరు తాత గారూ, మీ రోజుల్లో కూడా మాలాంటివాళ్ళు ఉన్నారండీ. మా పెదనాన్న ఒకాయన పదో తరగతి దగ్గర ఆగిపోయి లారీ ఎక్కాడు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేసేవాడు. ఇంట్లో అందరూ ఆయన్ని దద్దమ్మ అనే పిలిచేవారు.

ఆంటీ, అంకుల్ అడిగిన ప్రశ్నకి నేను చెప్తాను. మాకు ధ్యాస లేకపోవడం కాదు. దాన్ని ఎటు తిప్పాలో మా చేతిలో ఉండదు. పని ఆసక్తిగా ఉంటే, కొత్తదైతే, నెత్తి మీద గడువు కూర్చుంటే దానంతటది అతుక్కుంటుంది. 'ఇది ముఖ్యం' అన్నంత మాత్రాన అతుక్కోదు. మిక్సీలో ఒక్కో స్క్రూ తీయగానే వాడికి ఫలితం కనపడుతుంది. ఇంటిగ్రేషన్ చాప్టర్ ఫలితం మార్చిలో కనపడుతుంది. మీ వాడికి మిక్సీ ముందు కూడా ఏడీహెచ్‌డీ ఉందండీ. అన్నానికి పిలిస్తే వినపడలేదు కదా, అదే.

బయటికి ఎలా కనిపిస్తుందో తెలుసు. లోపల ఎలా ఉంటుందో చెప్తా. చదవాలని నిజంగానే కూర్చుంటాను. పెన్ను లేదు. పక్క గదికి వెళ్తే అక్కడ చార్జర్ కనపడుతుంది, ఫోన్ పెట్టాలి కదా అని పెడతాను, పెడుతుంటే మెసేజ్, అది చూసి వాడికి పీడీఎఫ్ పంపాలని ల్యాప్‌టాప్ తెరుస్తాను. నలభై నిమిషాల తర్వాత అమ్మ వచ్చి "ఇంకా మొదలుపెట్టలేదా" అంటుంది. పెన్ను తేలేదని అప్పుడు గుర్తొస్తుంది. ఇది రోజుకి ఇన్నిసార్లు జరిగితే ఎవరికైనా తన మీద తనకే అసహ్యం వేస్తుంది. దాని మీద "చేతకాక కాదు, చేయవు" అని నాన్న అంటే ఇక ఆ రోజు అయిపోయినట్టే. చిన్న మాట కూడా మాకు మామూలు కంటే ఎక్కువ గుచ్చుకుంటుంది, పైకి నవ్వుతాం అంతే.

మొదలుపెట్టడమే మాకు కష్టం. మా ఊళ్ళో బోరు మోటారుకి ముందు కాసిని నీళ్ళు పోస్తే తప్ప లాగదు, నా సంగతీ అంతే. అందుకని "ఈ చాప్టర్ చదువు" అని చెప్పకండి. "పుస్తకం తెరిచి మొదటి లెక్క ప్రశ్న మాత్రం నోట్సులో ఎక్కించు" అనండి. అది ఎక్కిస్తే తర్వాతది చాలాసార్లు వచ్చేస్తుంది. ఇంకొకటి, ఎవరైనా పక్కన కూర్చోవాలి. చెప్పక్కర్లేదు, అడగక్కర్లేదు, వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటే చాలు. నా రూమ్మేట్ పక్కన కూర్చుని సినిమా చూసుకుంటాడు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. నా సెమిస్టర్లన్నీ అలాగే గట్టెక్కాయి. మీరు చిక్కుడుకాయలు వలుచుకుంటూ కూర్చున్నా చాలు ఆంటీ.

గోడకి ముళ్ళ గడియారం పెట్టండి, చదివే బల్లకి ఎదురుగా. ఫోన్లో టైమ్ చూడటానికి వెళ్తే మళ్ళీ రాం.

ఫిజిక్స్ మాస్టారు, నరసరావుపేట

చాలా ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకి చెప్తున్నాను, అందులో ఎక్కువ భాగం రెసిడెన్షియల్ కాలేజీల్లోనే. అమ్మా, హాస్టల్ గురించి మీ వారి ఆలోచన పూర్తిగా తప్పనను. ఇలాంటి పిల్లలు కొందరు అక్కడ మొదటి రెండు నెలలు బాగానే కుదురుకుంటారు. గంట కొడితే లేవాలి, స్టడీ అవర్‌లో పక్కన యాభై మంది చదువుతుంటారు, జేఎల్ (జూనియర్ లెక్చరర్) తిరుగుతుంటాడు, రేపు పొద్దునే స్లిప్ టెస్ట్. గడువు దగ్గర్లో ఉంటే పని జరుగుతుందని ఆ అబ్బాయి చెప్పాడే, సరిగ్గా అదే.

తర్వాతే చిక్కు. పొద్దున ఐదింటికి లేపి రాత్రి పదిన్నరకి పడుకోబెడితే నిద్ర చాలదు. టీనేజీ పిల్లలకి ఎనిమిది గంటలకి తక్కువ కాకూడదంటారు. నిద్ర చాలకపోతే ఏ పిల్లాడికైనా ధ్యాస పోతుంది, వీళ్ళకి రెట్టింపు. మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు, ఔటింగ్ ఆపేస్తారు. దాంతో పిల్లాడు ముడుచుకుపోతాడు. పైగా మీకు మందు ఒకటుంది. రోజూ పొద్దున అది ఎవరి దగ్గరుంటుంది, ఎవరిస్తారు, ఆకలి లేక మెస్‌లో తినకపోతే ఎవరు చూస్తారు? వార్డెన్‌ని తప్పుపట్టను, ఆయనకి రెండొందల మంది. మందు కొత్తగా మొదలుపెట్టి మోతాదు సరిచూసుకునే నెలల్లో పిల్లాడు మీ కళ్ళ ముందే ఉండాలి. కాబట్టి నా ఓటు డే స్కాలర్‌కే. హాస్టల్లో బాగున్న ముక్కని మాత్రం ఇంటికి తెచ్చుకోండి.

తెచ్చుకోవడం ఎలాగంటే, రోజూ సాయంత్రం పది నిమిషాల స్లిప్ టెస్ట్ మీరే పెట్టండి. ఆ రోజు చెప్పిన దాంట్లోంచి రెండే ప్రశ్నలు. మార్కులు వేయకండి, టిక్కు పెట్టి వదిలేయండి. వారాంతపు పరీక్ష పేపర్లు పారేయకుండా ఎర్రర్ లిస్టు రాయించండి. 'నిర్లక్ష్యం' అని రాయకూడదు. ఏ లైన్లో గుర్తు మారింది, ఏ ప్రశ్న చూడలేదు అని రాయాలి. నా దగ్గర ఒక పిల్లాడి లిస్టులో పది తప్పుల్లో ఏడు పేజీ మారేచోట జరిగినవే. ఒక లెక్క ఒకే పేజీలో అయ్యేలా రాయమన్నాను, సగం తప్పులు పోయాయి. మీ వాడికి ప్రశ్నపత్రం చేతికి రాగానే మొత్తం ఎన్ని ప్రశ్నలో లెక్కపెట్టి జవాబుపత్రం చివరి పేజీలో పెన్సిల్‌తో అంకెలు వేసుకోమనండి. ఒక్కోటి అయ్యాక కొట్టేయాలి. ఇంట్లో ప్రతి చిన్న టెస్టుకీ అలాగే చేయిస్తే పరీక్ష హాల్లో చేయి దానంతటదే చేస్తుంది.

'జాగ్రత్తగా రాయరా' అని చెప్పడం మానేయండి. నేను పదిహేనేళ్ళు చెప్పాను, ఒక్కడికీ పనిచేసినట్టు చూడలేదు.

న్యూజెర్సీ నుంచి

మా అబ్బాయికి ఇక్కడ 504 ప్లాన్ అని స్కూలు రాసిచ్చింది. పరీక్షలో అదనపు సమయం, విడిగా గది. అక్కడ మీ కాలేజీని అలాంటివి అడిగి చూడండి.

కూకట్‌పల్లి నాన్న

అక్కడిలా ఇక్కడ కుదరదండీ. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు రాశారు. ఆటిజం ఉంది, డిస్‌లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు ఉన్నాయి, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. కాబట్టి అదొక్కటే ఉంటే సర్టిఫికెట్, అదనపు సమయం కష్టం. కానీ ఈ పిల్లల్లో చాలామందికి చదవడంలో, రాయడంలో కూడా ఇబ్బంది ఉంటుంది. అమ్మా, మీ వాడికి అది పరీక్షించారా? లేకపోతే అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అని మేధో వైకల్యాలున్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది, బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య సంస్థలో పిల్లలకి ప్రత్యేక విభాగమే ఉంది. ప్రైవేటు ఫీజులు భారమైతే గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక విభాగం ఉంది. రాత్రిపూట ఏమీ తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వానిది, తెలుగులో మాట్లాడతారు. మా ఆవిడ ఒకసారి చేసింది.

ఇంకో మాట, తప్పుగా అనుకోకండి. ఇది ఎక్కువగా వంశంలోంచే వస్తుంది. మాకు చెప్పిన డాక్టరు అమ్మాయిని చూసి, తర్వాత నన్ను చూసి నవ్వాడు.

తెనాలి అమ్మ

అన్నయ్యగారూ, ఆ మాట చదివి నేనూ మా పెద్దమ్మాయీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా వారిది ఎరువుల కొట్టు. బస్తాలు, రేట్లు, ఏ రైతు ఏ చేలో ఏం వేశాడో అన్నీ నోటికి. అప్పుల పుస్తకం మాత్రం సంక్రాంతి నుంచీ రాయలేదు. బండి తాళాలు రోజుకోసారి వెతుకుతాం. పోయినేడు జీఎస్టీ రిటర్న్ ఆలస్యమై ఫైను కట్టాం. ఈ జవాబులన్నీ ఆయన కూడా చదివారు, ఏమీ అనలేదు. రాత్రి మాత్రం "ఆ లారీ ఆయన గురించి రాసిన అబ్బాయి ఏ కాలేజీ" అని అడిగారు.

నిన్న మాస్టారు గారు చెప్పిన ప్రశ్నల లెక్క పెట్టించాను. పెన్సిల్‌తో అంకెలు వేశాడు, కొట్టేయడం మర్చిపోయాడు. అయినా పేపరు తిప్పాడు. సాయంత్రం నేను బ్యాంకు నుంచి వచ్చి వాడి బల్ల పక్కన కూర్చుని గోరుచిక్కుళ్ళు ఈనెలు తీశాను. ముప్పావుగంట లేవలేదు. మధ్యలో ఒకసారి చిక్కుళ్ళ వంక చూసి "అమ్మా, దీనికి మెషీన్ చేయొచ్చు తెలుసా" అన్నాడు. చేయొచ్చురా, ముందు ఆ లెక్క కానీ అన్నాను.

అత్తగారిని వచ్చే సోమవారం డాక్టరు దగ్గరికి నాతో పాటే తీసుకెళ్తున్నాను, ఆవిడ అనుమానాలు ఆవిడే అడుగుతారు. చదవడం, రాయడం పరీక్ష సంగతి నేను అడుగుతాను. మా మామగారి తమ్ముడు నలభైలోపే గుండెపోటుతో పోయారు, ఆ విషయం మేము డాక్టరుకి చెప్పనే లేదు. అది తేల్చుకున్నాకే మందు. హాస్టల్ అడ్వాన్సు ఇంకా కట్టలేదు, ఆపమన్నాను.

ఒక్క సందేహం మిగిలింది. వాడు "కాలేజీలో ఎవరికీ చెప్పొద్దు" అంటున్నాడు. క్లాస్ టీచరుకైనా చెప్పకపోతే ఎలా?

సగం చదివిన పుస్తకం

ఆంటీ, రోగం పేరు చెప్పక్కర్లేదు. "ముందు బెంచీలో కూర్చోబెట్టండి, హోంవర్క్ నోటితో కాకుండా బోర్డు మీద రాయండి, రికార్డు వారం వారం చూడండి" అని మూడు పనులు అడగండి చాలు. పేరు ఎవరికి ఎప్పుడు చెప్పాలో వాడినే అనుకోనివ్వండి. నేను నా రూమ్మేట్‌కి చెప్పడానికి ఏడాది పట్టింది. వాడేమో "ఓస్, అందుకేనా నా బకెట్ ఎప్పుడూ మేడ మీద వదిలేస్తావ్" అన్నాడు.

కాలేజీ పేరు అంకుల్‌కి మెసేజ్‌లో పంపిస్తాను. ఆయన మాట్లాడాలంటే రాత్రి తొమ్మిది తర్వాత చేయమనండి. ఎత్తకపోతే మళ్ళీ చేయమనండి, ఫోన్ ఎక్కడో పెట్టి ఉంటాను.